షెఫీల్డ్ పెళ్లిలో మేనమామ పంచె

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. పెళ్లంటే మనవాళ్లు చేసేదే పెళ్లి, మిగతా లోకం చేసేదంతా ఏదో మొక్కుబడి అని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పట్లో ఎవరైనా కాదంటే వాళ్ల నోరు మూయించేదాకా ఊరుకునేదాన్ని కాదు. అప్పటికి నాకు యాభై ఏడేళ్లు. ఆ వయసును పడుచుతనం అంటే మీరు నవ్వుతారు. నవ్వండి. షెఫీల్డ్‌లో మా ఇంటికి దగ్గర్లో ఒక చర్చి హాల్లో పెద్దవాళ్లకు ఇంగ్లీషు నేర్పే క్లాసు జరిగేది. అక్కడ నా చుట్టూ కూర్చునేవాళ్లలో చాలామంది డెబ్బై దాటినవాళ్లు, కర్ర ఊతంతో వచ్చేవాళ్లు. టీచరమ్మ నన్ను ‘యంగ్ లేడీ’ అని పిలిచేది. తెలుగు అక్షరాలే నాకు నలభై దాటాక వచ్చాయి, మా అమ్మాయి దిద్దిస్తే (‘ఇప్పుడెందుకమ్మా నీకు’ అని అది నసిగితే పోట్లాడి మరీ దిద్దించుకున్నాను). అలాంటిదాన్ని, యాభై ఏడేళ్లకు ఏబీసీడీలు మొదలుపెట్టి, బస్సు నుదుటి మీద రాసున్న ఊరి పేరు చదవగలిగిన రోజున ఇంటికొచ్చి పాయసం వండుకున్నాను. అది పడుచుతనం కాకపోతే మరేమిటి?

ఆ క్లాసులోనే దొరికింది మా చైనా వదిన. నాకంటే రెండు మూడేళ్లు పెద్దది. ఒక టేకవే (కూర్చోబెట్టి వడ్డించకుండా పొట్లాలు కట్టిచ్చే హోటలు) వంటింట్లో కూరలు తరిగే పని చేసేది, అందుకని ఆమె చేతుల్లో ఎప్పుడూ అల్లం వాసన ఉండేది. మా ఇద్దరి దగ్గరా కలిపి గుప్పెడు ఇంగ్లీషు ముక్కలుండేవి. ‘వెరీ నైస్’, ‘నో గుడ్’, ‘టుమారో’, ‘పెయిన్’. ఆ గుప్పెడుతోనే వానల గురించీ, మోకాళ్ల గురించీ, కూతుళ్ల గురించీ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లం. ముక్కలు అయిపోతే చేతులుండనే ఉన్నాయి. ఆమె కూతురు మా అమ్మాయి పనిచేసే ఆసుపత్రిలో, అదే వార్డులో నర్సు. ఆ పిల్ల మా ఇంటికొస్తే నూడుల్స్‌లో ఆవకాయ కలుపుకొని తినేది కాబట్టి మా ఇంట్లో దాని పేరు ఆవకాయ పిల్ల. దాని చిన్నప్పుడే తండ్రి పోతే, వదిన ఒక్కతే ఆ టేకవే పొయ్యిల ముందు నిలబడి దాన్ని పెంచి చదివించింది. అంత కష్టపడ్డ మనిషి ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడిగి ఎరగదు.

అలాంటి మనిషి ఒక ఆదివారం కూతుర్ని వెంటబెట్టుకొని మా ఇంటికొచ్చి, సోఫా అంచు మీద కూర్చొని, చేతులు నలుపుకుంటూ ఉండిపోయింది. పిల్లే చెప్పింది. పెళ్లి కుదిరింది. పిల్లవాడిది హాంకాంగ్. వాళ్ల బంధువులు బోలెడంతమంది విమానాల్లో దిగుతున్నారు. పెళ్లిరోజు వధూవరులు మోకాళ్ల మీద కూర్చొని పెద్దవాళ్లకు టీ ఇవ్వడం వాళ్లలో ముఖ్యమైన తంతు. పిల్ల తరపున తల్లి తర్వాత అంతటి పెద్ద మేనమామ. ఉన్న ఒక్క మేనమామా కాలు విరిగి చైనాలో మంచం మీద ఉన్నాడు. పిల్లవాడి నాయనమ్మ చాలా పట్టింపుల మనిషట, ఫోన్‌లో ‘మీ వైపు పెద్దవాళ్లు ఎవరూ లేరా’ అని రెండుసార్లు అడిగిందట. ఆ మాట చెప్పేటప్పుడు వదిన తల వంచుకుంది.

ఆ పిల్ల మా ఆయనవైపు తిరిగి, ‘అంకుల్, ఆ కుర్చీలో మీరు కూర్చుంటారా? ఆంటీ మీ పక్కన. మీ ట్రెడిషనల్ డ్రెస్‌లో రండి, అమ్మకు చాలా గౌరవంగా ఉంటుంది’ అంది.

మా ఆయన కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఇంగ్లీషు బాగానే వచ్చు, కాబట్టి ఇదంతా నాకు ఆయనే తెలుగులో చెప్పాడు. చెప్పి, అంతటితో ఊరుకోకుండా వరస లెక్క తీశాడు.

‘నువ్వామెను వదినంటావు. అంటే నాకు అక్కయిద్ది. బానే ఉంది, నేను మేనమామనే. మరి ఆమె నిన్ను చెల్లెలంటదంట గదా వాళ్ల భాషలో. అట్టయితే నాకు వదినయిద్ది. ఇంతకీ నేనెవర్నే?’

‘ముందు పిలిచింది నేను. నా వరసే ఖాయం’ అన్నాను. ‘నువ్వు మేనమామవి. ఒప్పుకో.’

ఒప్పుకున్నాడు. వదిన నా చెయ్యి పట్టుకొని వదల్లేదు. ఆ కుర్చీ ఖాళీగా ఉండకూడదు, అంతే. ఆమెకు కావలసింది మా కానుకలు కాదు, మా మాటలు కాదు. అంతమంది హాంకాంగువాళ్ల ముందు తన కూతురు దిక్కులేనిది కాదని తేలాలి.

పెళ్లి ముందురోజు మా ఇంట్లో యుద్ధం. ఆయన సూటేసుకుంటానన్నాడు. బూడిదరంగు సూటు, కూతురు కొనిపెట్టింది, అదంటే ఆయనకు ప్రాణం.

‘మేనమామ సూటేసుకుంటాడా? ఇన్సూరెన్సు ఏజెంటనుకుంటారు’ అన్నాను.

‘ఇక్కడి గాలి నీకు తెలియంది కాదు. పంచెలోకి దూరిందంటే నన్ను గొడుగు లెక్కన ఎగరేసుకుపోద్ది.’

‘ఎగిరితే నేను పట్టుకుంటాలే. ట్రెడిషనల్ అని నోరు తెరిచి అడిగింది ఆ పిల్ల. మా అన్న నా పెళ్లిలో ఎట్టా ఉన్నాడు? తెల్లపంచె, తెల్లలాల్చీ, భుజాన ఉత్తరీయం. పది ఊళ్లోళ్లు చూశారు.’

‘మీ అన్నకప్పుడు పాతికేళ్లే.’

నేను వినలేదు. మా అమ్మాయి పెళ్లిలో ఆయన కట్టిన పంచెల చాపు అడుగుపెట్టెలోంచి తీశాను. నీలిమందు పెట్టి ఉతికి, చిక్కటి గంజి పెట్టి, ఇస్త్రీ చేశాను. నిలబెడితే నిలబడేలా తయారైంది. తెలుపంటే మామూలు తెలుపు కాదు, చూస్తే కళ్లు మూసుకోవాలి. నాకు మాత్రం బచ్చలిపండు రంగు పట్టుచీర తీసుకున్నాను (అది ఆలోచించి తీసుకున్నది కాదు, మిగతావాటికి జాకెట్లు బిగుతయ్యాయి). మా అమ్మాయికి ఆ రోజు ఆసుపత్రిలో పొద్దుటి డ్యూటీ, మధ్యాహ్నం భోజనాలవేళకు నేరుగా వస్తానంది. అది ఇంట్లో ఉండి ఆయన్ని ఒక్కసారి చూసుంటే ఈ కథ జరిగేది కాదు.

పెళ్లి ఊరి నడిమధ్యనున్న ఒక చైనా హోటల్లో, మేడ మీద హాల్లో. టాక్సీ దిగగానే ఆయన చెప్పిన గాలి రానే వచ్చింది. ఆయన ముందర కుచ్చిళ్లు పట్టుకుంటే నేను వెనక గోచీ పట్టుకొని, ఇద్దరం రోడ్డు దాటాం. మెట్లెక్కి హాల్లో అడుగుపెట్టాం. ఎటు చూసినా ఎరుపు. ఎర్ర లాంతర్లు, ఎర్ర పరదాలు, ఎర్ర పువ్వులు. ఆ ఎరుపు మధ్యలో మా ఆయన, పాలసముద్రంలోంచి అప్పుడే లేచొచ్చినట్టు. ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. తలలన్నీ మావైపు తిరిగాయి. నా ఛాతీ ఉప్పొంగింది. నా గంజి మహిమ ఖండాలు దాటిందనుకున్నాను.

హాంకాంగు వైపు ముసలాయన ఒకడు గబగబా మా దగ్గరికొచ్చి, మా ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకొని, తల వంచి, ఎంతో నెమ్మదిగా ఏదో చెప్పాడు. ఆయన కళ్లలో తడి కూడా ఉంది. మా ఆయన నవ్వుతూ తల ఊపాడు. ముసలాయన తెల్లబోయి వెనక్కి తగ్గాడు.

‘ఎంత మర్యాదస్తులే వీళ్లు’ అన్నాడు మా ఆయన నా చెవిలో.

అంతలో వదిన కనపడింది. ఎర్రటి జాకెట్టు, జడకు ముత్యాల పిన్ను, ఎన్నడూ లేనంత అందంగా ఉంది. ఆయన్ని చూసింది. చూసిందే తడవుగా ఆమె మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. పరుగున వచ్చి మా ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకొని, పక్క తలుపులోంచి హోటల్ సామాన్ల గదిలోకి తోసుకుపోయింది. చుట్టూ బియ్యం బస్తాలు, సోయా సాసు డబ్బాలు.

‘వైట్’ అంది, ఆయన పంచె చూపించి. ‘నో గుడ్. నో, నో గుడ్.’

‘వెరీ నైస్ వైట్’ అన్నాను నేను, ఇంకా గర్వం దిగక.

వదిన ఇక లాభం లేదనుకొని కళ్లు మూసుకుంది. రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకొని, వెనక్కి వాలి, కదలకుండా ఉండిపోయింది. తర్వాత కళ్లు తెరిచి, ఏడుస్తున్నట్టు చూపించి, మళ్లీ పంచె వైపు వేలు పెట్టింది. నాకప్పుడు తెలిసింది. వాళ్లలో తెలుపు చావుకు కట్టే రంగు. ఆ ముసలాయన మా ఇంట్లో ఎవరో పోయారనుకొని ఓదార్చి వెళ్లాడు. మా ఆయన పళ్లన్నీ చూపించి నవ్వాడు.

నా నోట మాట రాలేదు. (అలాంటి సందర్భాలు నా జీవితంలో తక్కువ. మా ఆయన్ని అడిగితే అదొక్కటే అంటాడు.)

‘చెప్పానా సూటని’ అన్నాడు ఆయన. పాపం, అరవలేదు, నెమ్మదిగానే అన్నాడు. ‘ఒక పని చేద్దామే. నేనింటికి పోతా. నువ్వు కూర్చో.’

‘రెండు కుర్చీలేశారయ్యా. ఒకటి ఖాళీగా ఉంటే ఆ నాయనమ్మేమంటది?’

ఇంటికెళ్లి సూటేసుకొచ్చే వ్యవధి లేదు. హోటల్ కుర్రాళ్ల నల్లప్యాంటు అడుగుదామంటే, నలుపు కూడా నో గుడ్ అని వదిన చెయ్యి అడ్డంగా ఊపింది. బయట మేళం లాంటిదేదో మొదలైంది, పెళ్లివారంతా వచ్చేస్తున్నారు. వదిన బియ్యం బస్తా మీద కూలబడింది. అన్నేళ్లు ఉల్లిపాయలు తరిగినా కళ్లు చెమర్చని మనిషి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. మేము రాకపోయినా బాగుండేది, కాలు విరిగిందనో జ్వరమనో ఒక సాకు ఉండేది. ఇప్పుడు వచ్చినవాళ్లం వచ్చినట్టు పారిపోతే, అంతమందీ చూశాక, ఆమె ఏమని చెప్పుకోవాలి?

అప్పుడు నా చూపు ఆ మూల అరమీద పడింది. అక్కడ బల్లల మీద పరిచే గుడ్డలు మడతపెట్టి ఉన్నాయి. ఎర్రటి శాటిను. పైదానికి బంగారు రంగు అంచు. అంచున్న గుడ్డ కనపడితే తెలుగుదాని చేతులు ఊరుకుంటాయా? లాగి విప్పాను. గోడవారగా మిఠాయిలు పెట్టే పొడుగు బల్ల కోసం కుట్టించింది కాబోలు, మూర మూరా కొలుస్తుంటే వస్తూనే ఉంది. పంచెకు సరిపోను ఉంది.

‘తిరుగు’ అన్నాను.

‘ఏందీ?’

‘ఆ తెల్లది విప్పు. ఇది కడతా.’

‘బల్లగుడ్డే అది.’

‘గుడ్డంటే గుడ్డే. విప్పుతావా లేదా?’

వదిన మొదట బిత్తరపోయింది. తర్వాత మర్యాదగా గోడవైపు తిరిగి నిలబడింది. గంజి పెట్టిన నూలు చెప్పినమాట వింటుంది గానీ శాటిను వింటుందా? ఇటు దోపితే అటు జారుతుంది. మొలతాడు కిందికి దోపి బిగించినా నిలవలేదు. నా పుస్తెలతాడుకున్న పిన్నీసులన్నీ తీశాను, గాజులకున్నవీ తీశాను. అవి చాలక చీర కొంగు పిన్ను కూడా తీస్తుంటే, వదిన గోడవైపు తిరిగే తన జడలోని ముత్యాల పిన్ను వెనక్కి చాపింది. లాల్చీ కూడా తెలుపే, అదీ విప్పించాను.

‘చొక్కా లేకుండానా? పరువు తక్కువే.’

‘మన పెళ్లిలో ఒంటిమీద చొక్కా ఉందా నీకు?’

‘అప్పుడు పొట్ట లేదు గదా.’

ఇంకో ఎర్రగుడ్డ ఛాతీ చుట్టూ తిప్పి, భుజం మీదుగా వేసి, పొట్టను దాచిపెట్టాను. దూరంగా జరిగి చూశాను. నిజం చెప్పొద్దూ, బాగున్నాడు. ఏదో సంస్థానానికి దివాను లెక్కన ఉన్నాడు, కాస్త వెనిగర్ వాసన తప్పిస్తే. వదిన ఇటు తిరిగింది. పైనుంచి కిందికి చూసింది, ఒక చుట్టు తిరిగి వెనక నుంచి చూసింది. చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, బస్తాల మీద పడి ఒకటే నవ్వు. సంగతేమిటంటే ఆ గుడ్డ మధ్యలో బంగారు దారంతో ఒక పెద్ద చైనా అక్షరం కుట్టి ఉంది. జంట సంతోషం అని దానర్థమట, పెళ్లిళ్లలో అన్నిచోట్లా పెడతారట. అది సరిగ్గా ఆయన కూర్చునేచోటికి వచ్చింది. తీసి మళ్లీ కట్టడానికి తీరికెక్కడిది?

‘ఎవరికీ వీపు చూపించబాక’ అని చెప్పి బయటికి నడిపించాను.

హాల్లో రెండు కుర్చీల్లో ఇద్దరం కూర్చున్నాం, మా పక్కన వదిన. ఎదురుగా పిల్లవాడి నాయనమ్మ. సన్నగా, నిటారుగా, చేతికర్ర వెండిపొన్నుతో. ఆమె లేచి, కర్ర టకటకలాడించుకుంటూ నేరుగా మా ఆయన ముందుకొచ్చి ఆగింది. హాలంతా చూస్తోంది. ఆమె ఏదో అడిగింది. ఎర్రటి పెళ్లిబట్టల్లో ఉన్న ఆవకాయ పిల్ల పెదవులు కొరుక్కుంటూ, ‘ఇందాక తెల్లబట్టల్లో వచ్చింది మీరేనా అని అడుగుతోంది, అంకుల్’ అంది.

ఆయన తొణక్కుండా ఇంగ్లీషులో, ‘అది ప్రయాణానికి. ఇది పెళ్లికి’ అన్నాడు. తర్వాత గొంతు సవరించుకొని, ‘ట్రెడిషనల్’ అని కలిపాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన నోటివెంట అంత చక్కటి అబద్ధం నేనెప్పుడూ వినలేదు.

నాయనమ్మ కర్ర చంకన పెట్టుకొని ముందుకు వంగింది. ఆయన భుజం మీది గుడ్డ అంచును రెండువేళ్ల మధ్య పెట్టి నలిపి చూసింది. గుడ్డ తెలిసిన ఆడవాళ్లు ఏ దేశంలోనైనా అలాగే చూస్తారు. ఆమె తల తిప్పి, గోడవారగా బోసిగా ఉన్న పొడుగు బల్లను చూసింది. మళ్లీ గుడ్డను చూసింది. వదినను చూసింది. వదిన తల వంచుకోలేదు. ఆ ముసలామె మొహంలో ఎక్కడో మూలన ఒక ముడత కదిలింది. ఒక మాట అనేసి తన కుర్చీలోకి వెళ్లి కూర్చుంది.

‘ఏమంది?’ అన్నాను. పిల్ల నవ్వాపుకుంటూ మా ఆయన చెవిలో చెప్పింది. ఆయన నాకు చెప్పాడు. ‘మేనమామ గుడ్డ మంచిది, టీ చల్లారకముందే ఇవ్వండి అన్నదంట.’

అంతే. నా గుండె మీదినుంచి ఎవరో తిరగలిరాయి దించినట్టయింది. పిల్లా, పిల్లవాడూ ముందు వదినకు, తర్వాత మా ఆయనకు, మోకాళ్ల మీద కూర్చొని రెండు చేతులతో టీ ఇచ్చారు. పాలూ చక్కెరా లేని టీ ఆయన జన్మలో తాగలేదు. కళ్లు మూసుకొని మందులా మింగి, ఆ పిల్ల తలమీద చెయ్యిపెట్టి, ‘దీర్ఘసుమంగళీభవ’ అన్నాడు. గొంతు వణికింది. టీ వల్ల అని ఆయన అంటాడు. వదిన నిటారుగా కూర్చొని హాలంతా కలయజూసింది, పెద్ద కుటుంబం వెనకున్న ఆడదానిలా.

భోజనాలవేళకు మా అమ్మాయి ఆసుపత్రి నుంచి వచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయి, ‘అమ్మా, నాన్న కట్టుకున్నదేంటి?’ అంది.

‘నోరు మూసుకొని కూర్చో. మేనమామ కట్టుకునేది.’

‘టేబుల్ క్లాత్‌లా ఉందే.’

‘నీకు పెళ్లిళ్ల సంగతేం తెలుసు’ అన్నాను. దానికి పట్టుకున్న నవ్వు చేపల పళ్లెం వచ్చేదాకా ఆగలేదు. ఆయన మాత్రం ఎవరు లేచినా తను లేవకుండా, ఇచ్చినవన్నీ కూర్చున్నచోటే తిన్నాడు. చివరికి అందరూ వెళ్లాక, నేనూ వదినా చెరో పక్క పట్టుకొని ఆయన్ని సామాన్ల గదికి నడిపించాం. పిన్నీసులు తీస్తూ వదిన నా చెంప నిమిరింది. ‘వెరీ నైస్’ అంది. మా గుప్పెడు మాటల్లో అంతకుమించిన మాట మాకు లేదు, అవసరమూ పడలేదు.

ఆ రోజు తీసిన ఫోటో ఇప్పుడు వదిన ఇంట్లోనూ ఉంది, మా ఇంట్లోనూ ఉంది. హాంకాంగులో నాయనమ్మ ఇంటి గోడమీద కూడా ఉందట, ఆమె వచ్చినవాళ్లందరికీ ‘మా మనవడి భార్యకు మేనమామ’ అని చూపిస్తుందట. అందులో మా ఆయన కుర్చీలో దర్జాగా ఉంటాడు, వెనకాల బచ్చలిపండు రంగు చీరలో నేను నిలబడి ఉంటాను. గడ్డం పైకెత్తి, లోకంలో పెళ్లిళ్లన్నీ నాకే తెలిసినట్టు. చూసినవాళ్లందరూ ‘ఎంత నిబ్బరంగా ఉన్నావమ్మా’ అంటారు. ఆ ఫోటోలో నా కుడిచెయ్యి మాత్రం కనపడదు. అది కుర్చీ వెనకనుంచి జారిపోతున్న ఆయన పంచెను పిడికిట్లో బిగించి పట్టుకొని ఉంది. ఆ మొండి ఆడమనిషిని చూస్తే నాకిప్పుడు నవ్వూ వస్తుంది, కాస్త ముచ్చటా వేస్తుంది. ఈ మధ్య మోకాళ్లు మునుపటిలా సహకరించక అంత పట్టు పట్టలేకపోతున్నాను గానీ, ఎదురుపడితే ఆమెతో ఒక మాట చెప్పాలనిపిస్తుంది. ఇక వదిలెయ్యి తల్లీ, ఫోటో తీయడం అయిపోయింది.